తూర్పు లండన్ కూరల వీధి

తూర్పు లండన్‌లోని బ్రిక్ లేన్ కూరలకు పేరుపొందిన వీధి. శనివారం రాత్రి అక్కడి పేరున్న భోజనశాలలలో చోటు దొరకడమే కష్టం. కూర్చోగానే అప్పడాలు, మామిడి పచ్చడి వస్తాయి. తెలుగువారు పప్పన్నంలో నంజుకొనే అప్పడం అక్కడ తొలి వడ్డన! పిమ్మట నాన్, పులావు, చికెన్ టిక్కా మసాలా.

పలకపై 'ఇండియన్' అని ఉన్నా, యజమానులలోను, వంటవారిలోను పలువురి మూలాలు బంగ్లాదేశ్‌లోని సిల్హెట్‌లో ఉన్నాయి. వారి పూర్వికులలో కొందరు ఓడలలో బొగ్గు వేసే కూలీలుగా ఆ నగరం చేరారు. బంగ్లాదేశ్ ఏర్పడినది 1971లో. అంతకు ముందే వెలసిన భోజనశాలలకు అలవాటైన పేరు ఆ తరువాతా మారలేదు.

రద్దీ తగ్గాక వంటవారు తమకై వేరుగా వండుకొంటారు: చేపల పులుసు, అందులో సిల్హెట్ నిమ్మజాతి కాయ సాత్‌కరా తొక్క. ఘాటైన ఆ వాసన వంటగది దాటదు. పదార్థాల పట్టికలోనూ ఆ కూర పేరు సాధారణంగా కనిపించదు.