జీతాల బాకీ – బేరారు కౌలు

హైదరాబాదు పాతబస్తీలో చందూలాల్ బారాదరి పేరు విననివారు అరుదు. ఆ చందూలాల్ పేష్కారుగా నిజాం రాజ్యభారం వహించిన కాలంలో, రెసిడెంటు హెన్రీ రస్సెల్ తన పేరిట ఒక సైన్యాన్ని సమకూర్చాడు. అధికారులు ఆంగ్లేయులు, జీతభత్యాలు మాత్రం నిజాం ఖజానావి. రాజ్యరక్షణకై 1800లోనే దత్తమండలాలను కంపెనీకి ధారపోసి ఒక సైన్యాన్ని పోషిస్తుండగా ఈ రెండవది ఎందుకు? అడుగవలసిన చందూలాలే పామర్ కంపెనీ వద్ద అధిక వడ్డీకి అప్పుచేసి జీతాలు చెల్లించాడు. (దాతగా ఆయన కీర్తి వేరు.) బాకీ పేరుకుపోగా 1853లో బేరారు, రాయచూరు, ఉస్మానాబాదు ప్రాంతాలను నిజాం కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. 1857 తిరుగుబాటు కాలంలో ఆ సైన్యం మధ్య భారతంలో కంపెనీ పక్షాననే పోరాడింది. 1860లో రాయచూరు, ఉస్మానాబాదు తిరిగివచ్చాయి. బేరారు రాలేదు, 1902లో ఏటికి 25 లక్షల రూపాయలకు శాశ్వత కౌలుగా పోయింది.