దూరదర్శినికి మోటారు – నాభి కుదిర్చే విద్య

నక్షత్రం ఎంత పెద్దదైనా అపారమైన దూరం కారణంగా దూరదర్శినిలో బిందువుగానే కనిపించాలి. చిన్న పళ్లెంలా కనిపించినదంటే నాభి, అంటే ఫోకస్, కుదరలేదని అర్థం. 1901లో హైదరాబాదులో స్థాపితమైన నిజామియా వేధశాల ఆకాశమంతటినీ ఛాయాచిత్రాలలో నమోదు చేసే అంతర్జాతీయ పథకంలో పాలుపంచుకున్నది. నాటి గాజు ఫలకానికైనా, నేటి ఎలక్ట్రానిక్ కెమెరాకైనా నియమం ఒక్కటే: కాంతి కేంద్రీకృతమయ్యే తావులోనే అది ఉండాలి.

ఆ తావు ఎంత ఇరుకైనది? దర్పణ వ్యాసం 200 మి.మీ., నాభ్యంతరం 1000 మి.మీ. అనుకుంటే వాటి నిష్పత్తి 5. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యమైన 0.55 మైక్రాన్లను 5 యొక్క వర్గమైన 25తోను, మరల 4తోను గుణిస్తే 55 మైక్రాన్లు వస్తుంది. ఇది ఇంచుమించు తలవెంట్రుక మందం.

ఎడారి వాతావరణం ఈ ఇరుకును మరింత కఠినం చేస్తుంది. జెబెల్ అలీకి చేరువలో, నివాసాలూ కర్మాగారాలూ కలగలిసిన దుబాయ్ ఇన్వెస్ట్‌మెంట్స్ పార్క్‌లోని ఒక ఇంటిని ఊహించుదాం. వేసవి రాత్రి ఏసీ గదిలో 24 డిగ్రీలు, బాల్కనీలో 34 డిగ్రీలు. అల్యూమినియం ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది. దర్పణానికీ కెమెరాకూ మధ్య 80 సెం.మీ. గొట్టం ఉంటే 10 డిగ్రీలకు 184 మైక్రాన్లు పెరుగుతుంది. గదిలోనుండి తెచ్చిన వెంటనే కుదిర్చిన నాభి గంటలో చెడిపోవడానికి కారణం ఇదే. శీతకాలంలో అల్ ఖుద్రా ఎడారికి వెళ్లినవారికి రాత్రి చల్లబడేకొద్దీ ఇదే కథ తలక్రిందులుగా జరుగుతుంది.

చేతితో ఫోకస్ చక్రం త్రిప్పితే దూరదర్శిని వణుకుతుంది. స్టెప్పర్ మోటారు ఆ పనిని తాకకుండా చేస్తుంది. అది ఒక చుట్టును 200 అడుగులుగా విభజిస్తుంది. చక్రం ఒక చుట్టుకు 20 మి.మీ. కదిలితే ఒక్కొక్క అడుగు 100 మైక్రాన్లు. అది చాలా ఎక్కువ. నడుమ 50 వంతుల వేగం తగ్గించే గేరు అమర్చితే 2 మైక్రాన్లే.

ఉపయోగించే పద్ధతి:

1. దూరదర్శినిని మూతలు తీయకుండా గంట ముందు బయట ఉంచాలి. లేనిచో తేమగాలి తగిలి చల్లని గాజుపై మంచు పట్టును.

2. ప్రకాశవంతమైన నక్షత్రాన్ని నాభికి ఇరువైపులా చిత్రించాలి. 4900, 5100 అంకెల వద్ద చుక్క సమాన పరిమాణంలో ఉంటే నాభి 5000 సమీపంలో ఉంటుంది.

3. గేరు పళ్ల మధ్య కొంత సందు ఉంటుంది. కనుక ఎల్లప్పుడూ ఒకే దిశనుండి ఆ అంకెను చేరాలి. దాటిపోతే బాగా వెనుకకు వెళ్లి తిరిగి రావాలి.

4. ఉష్ణోగ్రత 2 డిగ్రీలు మారినప్పుడల్లా పరీక్ష మళ్లీ చేయాలి.

కంటితో చూసే కుటుంబానికీ ఇది ఉపకరిస్తుంది. కళ్లద్దాలు తీసి చూసే తాతగారికి ఒక అంకె, మనుమరాలికి మరొక అంకె సరిపోతుంది. వ్రాసి ఉంచుకుంటే మీట నొక్కగానే ఎవరి నాభి వారికి వస్తుంది. అయితే మోటారు సరైన నాభి ఏదో తనంతట తాను ఎరుగదు; చుక్కను కొలిచి చెప్పేది కన్నో, కంప్యూటరో. అందుచేత పిల్లలు ముందుగా చేతితో నేర్చుకొనడమే మేలు.

1990లో రోదసికి వెళ్లిన హబుల్ దూరదర్శినికీ ఈ బెడద తప్పలేదు. దాని చట్రంలోని తేమ క్రమంగా ఆవిరై చట్రం కుంచించుకుపోగా, శాస్త్రజ్ఞులు భూమి నుండే చిన్న దర్పణాన్ని కొద్ది మైక్రాన్ల చొప్పున జరుపుతూ వచ్చారు. బాల్కనీలోని మోటారు చేసేదీ అదే పని.