సాఫ్ట్‌వేర్ కొనేదెవరో కనిపెట్టే కొలువు

రాజాం, ఎచ్చెర్ల, విజయనగరం కాలేజీల్లో చదివే పిల్లలకు ఐటీ కొలువంటే కోడింగే. తయారైన సాఫ్ట్‌వేర్‌ను అవసరమున్నవాళ్ల దగ్గరికి చేర్చడమూ ఐటీ కొలువేనని చెప్పేవాళ్లు తక్కువ. ప్రొడక్ట్ మార్కెటింగ్, ప్రీసేల్స్, ఇన్‌సైడ్ సేల్స్ అనే పేర్లతో ప్రకటనలు వస్తుంటాయి. బీకాం, బీఎస్సీ వాళ్లను కూడా చాలాచోట్ల తీసుకుంటారు.

ఈ పనిలో అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఎవరికి అమ్ముతున్నామన్నది. ఉదాహరణకు, 2005 దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాద్ రావడానికి ఫణీంద్ర సామా అనే యువకుడికి బస్సు టికెట్ దొరకలేదు. ఏ బస్సులో ఎన్ని సీట్లున్నాయో ఒకచోట తెలిసే ఏర్పాటే లేదు. మిత్రులు సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజుతో కలిసి ట్రావెల్స్ యజమానుల కోసం సాఫ్ట్‌వేర్ తయారుచేశారు. వాళ్లు ఆసక్తి చూపలేదు. యజమానులకు కంప్యూటర్ మీద మోజు లేదు, సీట్లు నిండితే చాలు. దాంతో 2006లో మిత్రులు ‘రెడ్‌బస్’ పేరుతో నేరుగా ప్రయాణికులకే టికెట్లు అమ్మడం మొదలుపెట్టారు. ఇంటర్నెట్ అలవాటున్న బెంగళూరు ఐటీ ఉద్యోగులకు ముందుగా చెప్పారు. టికెట్లు అమ్ముడయ్యాక యజమానులూ దారికొచ్చారు. 2013లో ఐబిబో గ్రూప్ ఆ సంస్థను కొన్నది.

ఇదే చూపుతో మన పలాసను చూడండి. జీడి పరిశ్రమల్లో పిక్కలు కొట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్ ఎక్కువగా ఆడవాళ్ల పని. కిలోల చొప్పున కూలి లెక్కగట్టే యాప్ ఒకటి తయారైందనుకుందాం. వాడేది గుమాస్తా, డబ్బు ఇచ్చేది యజమాని, ‘తీసుకోండి’ అని సలహా ఇచ్చేది జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంట్. కొలువు పోతుందేమోనని గుమాస్తాకు భయం ఉండొచ్చు. తన లెక్కలు బయటపడతాయేమోనని యజమానికి సంకోచం ఉండొచ్చు. తూకం ఎంత పడిందో తన ఫోన్‌కు మెసేజ్ వస్తేనే కూలీకి నమ్మకం. ఒక్క ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనతో ఇంతమందిని ఒప్పించలేం. గుండుకూ బద్దకూ తేడా, డబ్ల్యూ 320 గ్రేడ్ అంటే పౌనుకు 300 నుంచి 320 గుండ్లని తెలిసి మాట్లాడే కుర్రాణ్ని మాత్రం యజమాని కూర్చోబెట్టి వింటాడు. బెంగళూరు కుర్రాడికి లేని ఈ బలం మన జిల్లాల పిల్లలకుంది. దీన్ని బయోడేటాలో ఎవరూ రాయకపోవడమే నాకు బాధ.

కాబట్టి మీకు తెలిసిన ఒక వ్యాపారం ఎంచుకోండి. పలాస జీడిపప్పు కావచ్చు, పొందూరు ఖద్దరు కావచ్చు, విజయనగరంలో మందుల దుకాణాలు కావచ్చు. పదిమందిని కలవండి. ఏ యాప్ గొప్పలూ చెప్పకుండా, ఇప్పుడు లెక్క ఎందులో రాస్తున్నారు, నిరుడు ఎక్కడ నష్టపోయారు అని అడగండి. విన్నది రెండు పేజీల్లో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి. గూగుల్ స్కిల్‌షాప్, హబ్‌స్పాట్ అకాడమీల్లో ఉచిత కోర్సులున్నాయి, చేయండి. కానీ ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ముందు ఆ రెండు పేజీలు బల్ల మీద పెట్టండి. ప్లేస్‌మెంట్లు మొదలయ్యేదాకా ఆగకుండా, వచ్చే సెలవుల్లోనే ఈ పని మొదలుపెట్టండి.