ఎల్‌ఈడీ పట్టీకి రిలేనా, ట్రాన్సిస్టరా?

ఏటా మార్చి 3న, జంషెడ్జీ టాటా జయంతికి, జంషెడ్‌పూర్‌లోని జూబ్లీ పార్కును రంగురంగుల దీపాలతో అలంకరిస్తారు. ఉక్కు కంపెనీ స్వర్ణోత్సవాల గుర్తుగా 1958లో తెరిచిన తోట అది. ఆ వెలుగులు చూసొచ్చిన పిల్లలకు ఇంట్లోనూ ఒక ఎల్‌ఈడీ పట్టీని ఆర్డుయినో బోర్డుతో వెలిగించాలని సరదా పుట్టడం సహజం. చిక్కు అక్కడే మొదలవుతుంది.

బోర్డు పిన్ నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి తీసుకోకపోవడం మంచిది. మీటరుకు 60 దీపాలుండే 5050 రకం పట్టీకి మీటరుకు సుమారు 14.4 వాట్లు కావాలి. 5 మీటర్ల చుట్టకు 72 వాట్లు. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 6 ఆంపియర్లు, అంటే పిన్ ఇవ్వగలిగినదానికి 300 రెట్లు! అందుకే పిన్ సైగ మాత్రమే చేయాలి, భారం మోసే స్విచ్చు వేరే ఉండాలి.

రిలేలో తీగచుట్ట అయస్కాంతమై ఇనుప రేకును లాగుతుంది, ‘టక్’మని కాంటాక్టులు కలుస్తాయి. మామూలు 5 వోల్టుల రిలే చుట్టకే సుమారు 70 మిల్లీ ఆంపియర్లు కావాలి. అంటే రిలేను నడపడానికీ ఒక చిన్న ట్రాన్సిస్టరు ఉండాల్సిందే. బజారులో దొరికే రిలే మాడ్యూళ్లలో అది ముందే అమర్చి ఉంటుంది. వెలిగించడం, ఆర్పడం మాత్రమే చాలనుకుంటే రిలే నిక్షేపంలా పనిచేస్తుంది. వెలుగు తగ్గించాలంటే మాత్రం కుదరదు. అందుకు కరెంటును సెకనుకు వందలసార్లు తెంచి కలపాలి, ఆర్డుయినో ఊనోలో అది సుమారు 490 సార్లు. రేకు అంత వేగాన్ని అందుకోలేదు. ఒకవేళ అందుకున్నా, లక్షసార్ల ఆయువు మూడున్నర నిమిషాల్లో తీరిపోతుంది.

ట్రాన్సిస్టరుకు కదిలే భాగాలుండవు, దానికి శత్రువు వేడి. బీసీ547 మోయగలిగేది 100 మిల్లీ ఆంపియర్లే. చాలామంది వాడే టిప్120 పరిమితి 5 ఆంపియర్లు కాబట్టి పూర్తి చుట్టకు చాలదు. సగం చుట్టకు వాడినా 2 వోల్టుల దాకా తనలోనే మింగుతుంది. 3 ఆంపియర్ల దగ్గర అది 6 వాట్ల వేడి.

ఇక్కడ సరైన ఎంపిక మోస్‌ఫెట్. ఐఆర్ఎల్‌జెడ్44ఎన్ గేటుకు 5 వోల్టులిస్తే దాని నిరోధం 0.025 ఓమ్‌లకు మించదు. 6×6×0.025 అంటే 0.9 వాట్లు. ఇదీ తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. రేకు తొడగని ఈ ప్యాకేజీ వాటుకు సుమారు 62 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. జంషెడ్‌పూర్ వేసవిలో గాలే 40 డిగ్రీలుంటే చిప్పు 96 డిగ్రీలకు చేరుతుంది. అది కాలిపోదు కానీ ముట్టుకున్న వేలు కాలుతుంది. చిన్న అల్యూమినియం రేకు బిగిస్తే సరి.

చాలామంది బోల్తా పడేది ‘థ్రెషోల్డ్ వోల్టేజి’ దగ్గర. ఐఆర్‌ఎఫ్540ఎన్ డేటాషీట్‌లో అది 2 నుంచి 4 వోల్టులని ఉంటుంది. దాన్ని చూసి 5 వోల్టులు చాలనుకుంటారు. నిజానికి అది పావు మిల్లీ ఆంపియరు పారడం మొదలయ్యే స్థానం. దాని నిరోధాన్ని 10 వోల్టుల దగ్గరే చెబుతారు. అరకొరగా తెరుచుకున్న గేటు వేడిని పెంచుతుంది. బోర్డు ఇచ్చే వోల్టేజి దగ్గర నిరోధం ఎంతో డేటాషీట్‌లో చూసి కొనాలి. 3.3 వోల్టుల ఈఎస్‌పీ32 బోర్డుకైతే ఇది మరీ ముఖ్యం.

బిగించేటప్పుడు పట్టీ ప్లస్ తీగ నేరుగా 12 వోల్టులకు, మైనస్ తీగ డ్రెయిన్‌కు వెళ్లాలి. సోర్సు, బోర్డు, అడాప్టరు మూడింటి గ్రౌండ్లూ కలిసి ఉండాలి. గేటు నుంచి గ్రౌండుకు 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు పెడితే బోర్డు మేల్కొనే క్షణంలో పట్టీ దానంతటదే మిణుకుమనదు.