అడిగిన మాటే తిరిగి అంటున్నాడు

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు. ఆటిజం అని డాక్టరు చెప్పారు. ‘నీళ్లు కావాలా?’ అని అడిగితే వాడూ ‘నీళ్లు కావాలా?’ అంటాడు. ఉన్నట్టుండి టీవీ ప్రకటనలు గడగడా అప్పజెప్తాడు. ఆపమని గదమాయిస్తే చెవులు మూసుకుంటాడు. ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిషే మాట్లాడమంటున్నారు కొందరు. ఏం చేయాలి?
– ఓ తల్లి, తెనాలి

సమాధానం: ముందు గదమాయించడం మానండమ్మా. విన్న మాటను విన్నట్టే అనడాన్ని ఎకోలేలియా అంటాం. 1943లో అమెరికాలో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన తొలి వ్యాసంలోనే ఇది ఉంది. చాలాకాలం దీన్ని అర్థంలేని వాగుడుగా లెక్కేసి మాన్పించాలని చూశారు. 1980లలో బారీ ప్రైజంట్ వంటి పరిశోధకులు గమనించి చూస్తే, పిల్లలు ఈ మాటల్ని అడగడానికీ, ఔననడానికీ, తమను తాము శాంతపరచుకోవడానికీ వాడుతున్నారని తేలింది.

మీవాడి ‘నీళ్లు కావాలా?’కు అర్థం బహుశా ‘కావాలి’ అనే. నీళ్లు అందిన ప్రతిసారీ వాడి చెవిన పడింది ఆ మాటే కదా! ‘నీకు ఆకలేస్తోందా?’ అంటూ తన ఆకలే చెప్పే పిల్లలూ ఉన్నారు. అందుకని ప్రశ్నలు తగ్గించి, వాడు అనాల్సిన మాటను మీరే అనండి. గ్లాసు చూపించి ‘నీళ్లు కావాలి’ అని, పది సెకన్లు ఆగండి. (పిల్లలకన్నా పెద్దలకే ఆ ఆగడం కష్టం.) వాడు అనకపోయినా, వేలు చూపినా ఇచ్చేయండి. ‘చెప్తేనే ఇస్తా’ అని దాహంతో ఉన్న పిల్లాడి ముందు గ్లాసు పట్టుకు కూర్చోవడం నాకు నచ్చని పద్ధతి.

ఏ ప్రకటన ఎప్పుడు అంటున్నాడో కొన్నాళ్లు రాసి పెట్టండి. సబ్బు ప్రకటన స్నానం వేళకే వస్తోందా? మిక్సీ మోత మొదలవగానే వస్తోందా? సంగతి తెలిస్తే జవాబివ్వగలుగుతారు.

తెలుగు మానొద్దు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ముదరదు. మీకు బాగా వచ్చిన భాషలోనే వాడితో నోరారా మాట్లాడండి. నానమ్మతో వాడికి చనువు కుదిరేదీ అందులోనే. మాటకు సాయంగా బొమ్మల కార్డులు వాడితే ఇక మాటలు రావన్న భయమూ వద్దు.

వినికిడి పరీక్ష ఇంకా చేయించకపోతే వెంటనే చేయించండి. ప్రభుత్వ జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో (డీఈఐసీ) 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితంగా చూస్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది. వచ్చిన మాటలు పోతున్నా, ఫిట్స్ కనిపించినా మాత్రం స్పీచ్ థెరపీతో సరిపెట్టకండి, పిల్లల న్యూరాలజిస్టుకు చూపించండి.