ల్యాప్‌టాప్ మొరాయిస్తోందా? సీపీయూ బిట్లు

సీపీయూ భాగాలు: ఏఎల్‌యూ, కంట్రోల్ యూనిట్, రిజిస్టర్లు. తొలి వాణిజ్య మైక్రోప్రాసెసర్: ఇంటెల్ 4004 (1971, 4 బిట్). పరీక్షల్లో తరచూ అడిగేదే.

సీపీయూ వాడకం 100 శాతానికి చేరి ఫ్యాను రొద పెడుతుంటే విండోస్‌లో చూడాల్సింది టాస్క్ మేనేజర్. షార్ట్‌కట్: కంట్రోల్+షిఫ్ట్+ఎస్కేప్. కంట్రోల్+ఆల్ట్+డిలీట్ నొక్కితే ముందు మెనూ వస్తుంది. ఆప్షన్లలో రెండూ ఇచ్చి తికమక పెట్టొచ్చు. సీపీయూ కాలమ్ శీర్షికపై క్లిక్ చేస్తే ఎక్కువ తినేస్తున్న ప్రోగ్రామ్ పైకొస్తుంది. 'ఎండ్ టాస్క్'తో ఆపొచ్చు, సేవ్ చేయని పని మాత్రం గల్లంతే.

అసలు మెలిక ఇక్కడ: 'సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్' పక్కన 95 ఉంటే ప్రాసెసర్ 95 శాతం ఖాళీ అని అర్థం. లోపం కాదు.

టాస్క్ మేనేజర్‌కు బదులు లినక్స్‌లో: టాప్ కమాండ్. మ్యాక్‌లో: యాక్టివిటీ మానిటర్.

థర్మల్ థ్రాట్లింగ్: వేడి హద్దు మీరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకోవడం. దుమ్ము పట్టిన ఫ్యానూ కారణమే.

క్రిప్టోజాకింగ్: మనకు తెలియకుండా మన ప్రాసెసర్‌తో క్రిప్టోకరెన్సీ మైనింగ్ చేయడం. నిర్వచనం గుర్తుంచుకోండి.