అమ్మ మచ్చ ఏదీ?

సమస్య: నాకు 26 ఏళ్లు. సాలూరులో నాన్నతో కలిసి లారీ బాడీలకు పెయింటింగ్ చేస్తాను. రెండేళ్లుగా మనుషుల ముఖాలు వెయ్యడం సొంతంగా నేర్చుకుంటున్నాను. పోలిక రావడం లేదు. ఈమధ్య అమ్మని నాలుగు ఆదివారాలు కూర్చోబెట్టి ఆయిల్ రంగుల్లో బొమ్మ వేశాను. అందంగా ఉంటుందని, నుదుటి మీద నూనె చింది కాలిన మచ్చ తీసేశాను. అమ్మ చూసి, ‘నా మచ్చేదిరా? ఇది నేను కాదు’ అంది. నాన్నేమో, ‘ఫొటో ఇస్తే ఫ్లెక్సీవాడు గంటలో చేసిస్తాడు, ఈ పిచ్చి మానెయ్’ అంటున్నాడు. మానెయ్యమంటారా?
— ఓ పాఠకుడు, సాలూరు

సలహా: మానొద్దు. లారీ పనీ వదలొద్దు, అది అన్నం పెడుతోంది. గురువు కావాలంటే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగానికి వెళ్లి కనుక్కోండి. విజయనగరంలో బొమ్మల బడి నడిపిన అంట్యాకుల పైడిరాజు గారు కూడా మద్రాసు వెళ్లి దేవీప్రసాద్ రాయ్ చౌదరి దగ్గర నేర్చుకున్నవారే. లారీ మీద గీత ఒక్క ఊపులో పడాలి. ఆయిల్ రంగు అలా కాదు, రోజుల తరబడి పచ్చిగా ఉంటుంది, తుడిచి దిద్దుకోవచ్చు. తొందరపడకండి. కళ్లు తలకి సరిగ్గా మధ్యలో ఉంటాయి. కొత్తవాళ్లు పైకి పెట్టేస్తారు, పోలిక అక్కడే పోతుంది.

నన్ను పట్టేసింది మాత్రం ఆ మచ్చ. బొమ్మ వేయించుకునేవాళ్లు మచ్చలు తీసెయ్యమంటారు. మీ అమ్మగారు తన మచ్చ కోసం వెతుక్కున్నారు! మీకు వండిపెడుతూ కాల్చుకున్న నుదురు అది. దాన్ని మీ చేత్తో మీరే చెరిపేశారు. తప్పు బాబూ. మన ఇళ్లలో అమ్మకి విడిగా ఒక్క ఫొటో ఉండదు. పోయాక పెళ్లి గ్రూపు ఫొటోలోంచో, ఆధార్ కార్డులోంచో ముఖం తీసి పెద్దది చేయించి దండ వేస్తాం. బతికుండగా ఆ ముఖాన్ని పది నిమిషాలు నిదానంగా చూసిందెవరు? పొయ్యి దగ్గర ఆవిడ వీపు చూస్తాం, కంచంలో అన్నం చూస్తాం. మీరు నాలుగు ఆదివారాలు ఎదురుగా కూర్చుని చూశారు. అంతసేపు ఆవిణ్ణి ఏ పనీ చెప్పకుండా కూర్చోబెట్టింది బహుశా మీరొక్కరే.

నాన్నగారికి నా మాటగా చెప్పండి. చందమామకి అట్టబొమ్మలు వేసిన శ్రీకాకుళం వడ్డాది పాపయ్య గారికి తొలి గురువు డ్రాయింగ్ మాస్టారైన తండ్రే. మీ చేతికి మొదట బ్రష్షు ఇచ్చింది కూడా ఆయనే కదా.

వచ్చే ఆదివారం అమ్మని కిటికీ పక్కన మళ్లీ కూర్చోమనండి. ముందు నుదురు దిద్దండి. ఆ పై ఆదివారం నాన్నగారి వంతు.